ఐదో లెక్క

“మళ్ళీ నాలుగులోకి జారిపోయారు,” అన్నాడు డ్రమ్స్ మాస్టారు.

టైలరమ్మ పెడళ్ళ మీద నుంచి కాళ్ళు తీసి కొంగుతో మొహం తుడుచుకుంది. ముప్పై ఏళ్ళుగా కుట్టుమిషన్ తొక్కిన కాళ్ళవి. సమంగా తొక్కడం తప్ప వాటికి ఇంకోటి తెలీదు.

పది రోజుల కిందట ఆవిడ ఫోనులో అర నిమిషం చప్పుడు పట్టుకుని వచ్చింది. ఒక తేలిక దెబ్బ, ఏదో రాసుకున్నట్టు చిన్న గీరుడు, ఆ వెనకే బరువైన దెబ్బ. చెక్క మీద వాయించినట్టుంది. మాస్టారు మూడుసార్లు విని, అది ఐదు లెక్కల తాళమని తేల్చాడు. తేలిక దెబ్బకు రెండు, బరువు దెబ్బకు మూడు. తక, తకిట. పన్నెండుసార్లు తిరిగి కాస్త ఆగుతుంది, మళ్ళీ తొమ్మిదిసార్లు.

ఇది తప్ప ఇంకేమీ నేర్చుకోనంది ఆవిడ. కర్రలు ముట్టుకోలేదు. కాళ్ళతోనే రావాలి, అదీ శనివారానికల్లా.

వాయించిందెవరని అడిగితే అన్నయ్య అంది. ఆయన్నే నేర్పమనొచ్చుగా అంటే, ఆయనకు కుదరదని తల తిప్పుకుంది. అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవేమోనని మాస్టారు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. శనివారం ఒక పెద్దావిడకు వినిపించాలట. ఆవిడ కళ్ళతో చూసేదేమీ లేదట, అంతా చెవులతోనేనట. అలాంటి జడ్జీలను మాస్టారు ఎరుగును. కుర్రతనంలో ఒకావిడ తన వాయింపు రెండు నిమిషాలు విని, ఇక లేవమంది.

“ఒక్క దెబ్బ అటూ ఇటూ అయితే ఏం మునిగిపోతుందండీ?” అన్నాడు ఆవిడ కంగారు చూడలేక.

“ప్రాణం మీదికొస్తుంది.”

మాటవరసకు అంటోందనుకున్నాడు.

గురువారం వచ్చేసింది. ఇంకా నాలుగో తిరుగుడు దాటకుండానే ఆవిడ కాళ్ళు మిషన్ తొక్కుడులో పడిపోతున్నాయి. మాస్టారు లెక్కపెట్టి చూపించాడు, తొడ మీద కొట్టి చూపించాడు, చివరికి విసుగొచ్చి స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు.

“ఆ మిగిలిన ఒక్కటీ ఉంది చూడండి, ఐదోది. దాన్నుంచి తప్పించుకోవాలని చూస్తున్నారు మీరు. తొందరపడకండి. బరువు దెబ్బ మీద కాసేపు ఉండిపోండి. ఆ కాలు నొప్పిగా ఉన్నట్టు.”

టైలరమ్మ చటుక్కున తలెత్తి ఆయన వంక చూసింది. కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. పన్నెండు. ఆగింది. తొమ్మిది. ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. ఆఖరి దెబ్బయ్యాక ఆవిడ బుగ్గల మీద నీళ్ళు. వచ్చిందన్న సంతోషం కాబోలనుకుని మాస్టారూ మురిసిపోయాడు.

శనివారం సాయంత్రం తోడు రమ్మని బతిమాలింది. కింద నిలబడి వింటే చాలునంది. అది ఇరుకైన మేడ ఇల్లు, నిటారుగా చెక్క మెట్లు. డ్రమ్స్ ఎక్కడున్నాయని మాస్టారు అడగబోతుంటే, ఆవిడ కింది మెట్టు మీద కూర్చుని సంచిలోంచి మగవాళ్ళ బూట్ల జత తీసింది. కుడిబూటు అడుగు నాలుగు వేళ్ళ మందం.

మాస్టారు వంగి ఆ అడుగు తడిమి చూశాడు.

బూట్ల ముందు భాగంలో గుడ్డ పీలికలు కుక్కుకుంటూ ఆవిడ గుసగుసగా చెప్పుకొచ్చింది. అమ్మకు చూపు పోయి ఎనిమిదేళ్ళు. గుండె ఆపరేషనై ఆస్పత్రిలో ఉండగా, ఇక్కడ అన్నయ్యను లారీ గుద్దేసింది, అక్కడికక్కడే పోయాడు. పనిమీద వేరే ఊరెళ్ళాడని చెప్పి నెట్టుకొచ్చారు. ఇంకో నెల దాకా ఆ కబురు చెవిన పడకూడదన్నాడు డాక్టరు. అన్నయ్య మొదట్నుంచీ మాటలు తక్కువ మనిషి. సాయంత్రం కుంటుకుంటూ మెట్లెక్కి, అమ్మ గది దాటి, పై గదికి పోయేవాడు. ఆ అడుగులు విన్నాకే అమ్మ మంచం మీద వెనక్కి వాలేది. ఆస్పత్రిలో ఆవిడకు వినిపించాలని అప్పట్లో పట్టిన చప్పుడే ఫోనులోది; మెట్ల మీంచి కాక ఫోనులోంచి వస్తే ఇంట్లో అమ్మ ఇట్టే పట్టేస్తుంది. పొద్దున ఆస్పత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ ఆవిడ గుమ్మం వైపే చెవి ఒగ్గి కూర్చుంది.

“అన్నయ్య ఇవాళ వస్తాడని చెప్పేశాను మాస్టారూ. తప్పితే చెయ్యి ఊపండి, దిగొచ్చేస్తాను.”

ఎక్కడం మొదలుపెట్టింది. తక, తకిట. మూడు మెట్లు సాఫీగా సాగాయి. నాలుగో మెట్టు మీద కాలు తొందరపడింది. మాస్టారు చెయ్యి ఊపబోయి, ఆ చేత్తోనే చప్పుడు కాకుండా గాల్లో తాళం వేశాడు. వెనక్కి తిరిగి చూసిన ఆవిడ పెదవి కొరుక్కుని, బరువు కాలి మీద ఉండిపోయింది. ఐదో లెక్క నిండేదాకా ఉండి, అప్పుడు ఎక్కింది.

పన్నెండు. మలుపులో అమ్మ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. టైలరమ్మ ఊపిరి బిగబట్టి దాని ముందు నుంచి నడిచిపోయింది. లోపల మంచం కిర్రుమంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పై గది తలుపు తెరుచుకుని మూసుకుంది.

మాస్టారు చెమటలు తుడుచుకుని అక్కడే చతికిలబడ్డాడు.

కాసేపటికి టైలరమ్మ బూట్లు చేత పట్టుకుని, వట్టి కాళ్ళతో పిల్లిలా మెట్లు దిగుతూ తల్లి గుమ్మం ముందుకొచ్చింది. లోపల్నుంచి ముసలి గొంతు మెల్లగా పిలిచింది.

“వాడు లేడని నాకు తెలుసమ్మా, రేపు కూడా ఇలాగే ఎక్కు.”