చిల్లు లేని దోమతెర

"మళ్ళీ పీక్కుతిన్నాయి వెధవ దోమలు!"

ఒకెయో ఒక చేత్తో కాళ్ళమీది పొక్కులు బరబరా గోక్కుంటూ, రెండో చేత్తో దోమతెరలో చిల్లులు వెతుకుతున్నాడు. నోట్లో చేపల వల అల్లే సూది. విక్టోరియా సరస్సులోకి అతనిది తప్ప పడవలన్నీ ఎప్పుడో వెళ్ళిపోయాయి.

"ఒకే తెరలో పడుకుంటాం కదయ్యా, నన్ను కుట్టవేం?" అంది అతని భార్య అపోండి.

"నీ రక్తం చేదు."

ఆమె నవ్వలేదు. "నిరుడు నా కాళ్ళనిండా ఇవే పొక్కులు. గుర్తుందా?"

"లేకేం? నేను తెర కుట్టాకే కదా తగ్గాయి!"

"నీ సూదికి తగ్గలేదు." మొక్కజొన్నపిండి డబ్బా అడుగునుంచి ఆమె మాత్రల సీసా తీసింది. "వీటికి తగ్గాయి. హెచ్‌ఐవి మందులు. నేనూ దోమలనే తిట్టుకున్నాను, నర్సమ్మ రక్తపరీక్ష చేసేదాకా."

గోకుడు ఆగిపోయింది.

"ఇన్నాళ్ళూ దాచావా?"

"గెంటేస్తావని."

ఒకెయో తెరను వెలుతురుకెత్తి చూశాడు. ఎక్కడా ఒక్క చిల్లు లేదు. దాన్ని మడిచి పక్కన పెట్టేశాడు.

"ఆ నర్సమ్మ దగ్గరికి నువ్వూ రా," అన్నాడు. "ఒక్కణ్ణే పోవాలంటే భయంగా ఉంది."