గుచ్చుకునే వాక్యం

ఆ అడవి మొత్తానికీ ఉన్నది ఒకే ఒక్క పత్రిక. దాని సంపాదకుడు ఒక ముసలి దుప్పి. తన చెల్లెల్ని పులి ఎత్తుకుపోయిన రోజు గురించి ముళ్ళపంది ఓ కథ రాసి ఆ పత్రికకి పంపింది.

"వాన వర్ణన ఎక్కువైంది" అని దుప్పి తిప్పి పంపితే, నిజమే కదా అనుకుని కొట్టేసింది. "ఏడుపు తగ్గించమ్మా" అంటే ఏడుస్తూనే తగ్గించింది. తిరగరాసిన ప్రతిసారీ తన వీపు మీది ముల్లే పీకి కలం చేసుకుంది.

మూడోసారి దుప్పి స్వయంగా వచ్చింది.

"కథ బ్రహ్మాండంగా కుదిరిందమ్మా! ఒక్క వాక్యం తీసేస్తే వచ్చే నెలే వేసేస్తాను. 'దుప్పులు చూశాయి, మళ్ళీ గడ్డి మేశాయి' అని రాశావే, అది కాస్త గుచ్చుకుంటోంది."

ముళ్ళపంది కాగితాలు లాగేసుకుంది.

"వాన తీసేశాను, ఏడుపు తగ్గించాను. అవి కథకి అడ్డమే. ఇది మాత్రం తియ్యను. ముళ్ళపందికి ముళ్ళు పీకేస్తే మిగిలేది పందేనండీ!"

ఆ సాయంత్రం దుప్పులన్నీ నీళ్ళకొచ్చే వాగు ఒడ్డున, మద్దిచెట్టు మొదట్లో ఆ కథ కనిపించింది. కొత్తగా పీకిన ముల్లుతో గుచ్చి ఉంది.