నులకమంచం బస్సు

"ఏమే కరీమూ, ఏకిన దూదంతా కోళ్ళు కెలుకుతుంటే నువ్వు బస్సెక్కి కూర్చున్నావా?"

సర్దార్‌బీ కేకకి వసారాలో బస్సు ఠక్కున ఆగిపోయింది. బస్సంటే నులకమంచం. తలవైపు కూర్చుని చేట తిప్పుతున్న డ్రైవరు షాజాదీ. కండక్టరూ తనే. ఐదేళ్ళు నిండాయి, ఆరింకా నిండలేదు. బస్సులో ఉన్న ఒక్కగానొక్క ప్రయాణికురాలు వాళ్ళమ్మ కరీమున్. ఒళ్ళో దూది పోసుకుని నలుసులు ఏరుతోంది.

"పని ఆపలేదత్తా. ఏరుతూనే ఉన్నా. పిల్ల ఆడుకుందామంటే..."

"పిల్ల అందా, నువ్వే ఎక్కించుకోమన్నావా? మూడ్రోజుల్నించీ చూస్తన్నా. ఊళ్ళే లేనట్టు రోజూ ఒంగోలుకే పోతంది ఈ బస్సు!"

కరీమున్ తల దించుకుంది. అత్త అన్నదాంట్లో తప్పేం లేదు. మూడు రోజుల క్రితం ఒంగోలు నుంచి అన్న జాన్ బాషా కబురు పంపాడు. అమ్మకి ఆయాసం ఎక్కువైందట, నిన్నే కలవరిస్తోంది, ఒకసారి వచ్చి చూసిపొమ్మన్నాడు. "శుక్రవారానికి పెళ్ళివారి పరుపులు ఐదు కుట్టివ్వాలి. అవి గడప దాటినాక చూద్దాం," అంది సర్దార్‌బీ. కరీమున్ మొగుడు పీరు, తల్లి మాటకి ఎదురాడే మనిషి కాదు. దూదేకే విల్లు భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే, "ఎందుకేడుస్తన్నావమ్మా?" అని కూతురు అడిగితే, "ఏడవట్లేదే, రా, బస్సాట ఆడుకుందాం," అని మంచం వాల్చింది కరీమున్.

"నాయనమ్మా, రోడ్డు మీద నుంచి తప్పుకో! హారన్ కొడతంటే వినపడట్లా?" అంది డ్రైవరు. అంతలోనే కండక్టరై వేపరెమ్మ పట్టుకొచ్చింది. ఒక్కో ఆకూ ఒక్కో టిక్కెట్టు. "పోనీ నువ్వూ ఎక్కు. ఎక్కడికి కొట్టమంటావు?"

"నేనెక్కే బస్సు లేదు గానీ, పక్కకి జరుగు."

సర్దార్‌బీ కోళ్ళను అదిలించి, స్తంభం దగ్గర పరుపు ముందేసుకుని, దబ్బనంలోకి దారం ఎక్కించింది. ఇద్దరికీ వీపు పెట్టి కూర్చుంది.

బస్సు కదిలింది. "చిలకలూరిపేట! దిగేవాళ్ళు దిగండి! ఓ అమ్మా, నీ కోడిని సీటు మీద పెట్టమాక, కింద పెట్టు. మార్టూరు! రైట్ రైట్!" దారిలో గొర్రెలు అడ్డమొచ్చాయి. ఒకచోట టైరు పేలింది. చివరికి ఒంగోలు వచ్చింది.

షాజాదీ చేట పక్కన పడేసి, మూలనున్న పాతబొంత మీదికి ఉరికి, మెడదాకా కప్పుకుని పడుకుంది. ఇప్పుడు తను అమ్మమ్మ. రెండుసార్లు దగ్గింది కూడా.

"వచ్చావా కరీమూ? అయ్యో, ఎంత చిక్కిపోయావే!"

కరీమున్ వేళ్ళు దూదిలో ఆగిపోయాయి. కిందటి రంజానుకి వెళ్ళినప్పుడు అమ్మ అచ్చంగా ఇలాగే అంది. ఈ పిల్ల ఎప్పుడు విందో!

"వచ్చానమ్మా."

"ఎన్నాళ్ళుంటావు?"

"నీకు నయమయ్యేదాకా."

"మీ అత్త పంపిందా?"

కరీమున్ ఒకసారి అత్త వీపు వైపు చూసింది. "ఆఁ, ఆవిడే పంపిందమ్మా. నేను అడక్కముందే బట్టలు సర్దుకోమంది. దారిలో తినమని రొట్టెలు కట్టిచ్చింది. నీకు జాగర్తలు చెప్పమంది."

బొంత ఎగిరిపడింది. "అబద్ధం! నాయనమ్మ పంపలేదుగా!"

"ఆటలో పంపిందిలేవే," అంది కరీమున్ మెల్లగా. "ఆటలో అయితే అందరూ పంపుతారు."

దబ్బనం చప్పుడు ఆగిపోయింది. కోళ్ళు మళ్ళీ వచ్చి దూది కెలికాయి. ఈసారి వాటిని ఎవరూ అదిలించలేదు.

"మిగిలిన పరుపులు నేను కుడతాలే," అంది సర్దార్‌బీ, ఇటు తిరక్కుండానే. "నలుసులేరడానికి సుబ్బరావమ్మని పిలుస్తా. పొద్దున్నే మొదటి బస్సుకి పో. పిల్లనీ తీసకపో."

"అత్తా!"

"అట్టా చూడమాక. రొట్టెలు కూడా నేనే చెయ్యాలంటావా? చేస్తాలే. ఆ మాట అననే అన్నావుగా." దారం పంటితో కొరికి, "ఉన్నప్పుడే పోయి చూసి రావాలి," అంది.

కరీమున్ కొంగుతో మొహం తుడుచుకుంది. లేచి చెయ్యాల్సిన పనులు పది గుర్తొచ్చాయి గానీ మంచం దిగబుద్ధి కాలేదు. రేపు నిజం బస్సు. నిజం ఒంగోలు.

అప్పుడు సర్దార్‌బీ దబ్బనాన్ని పరుపుకి గుచ్చి, మోకాళ్ళు పట్టుకుని లేచింది. కోళ్ళ కోసమేమో అనుకుంది కరీమున్. ఆవిడ తిన్నగా మంచం దగ్గరికొచ్చి, "జరుగు, సీటంతా నువ్వే కూర్చున్నావు," అంటూ కోడలి పక్కన ఎక్కి కూర్చుంది.

షాజాదీ సంబరానికి పట్టపగ్గాలు లేవు. వేపరెమ్మ అందుకుంది. "ఎక్కడికి నాయనమ్మా?"

"మా పుట్టింటికి. మేడిరేవు."

పిల్ల ఆకు తుంచి చేతిలో పెట్టింది. సర్దార్‌బీ దాన్ని కొంగున ముడేసుకుంది.

"నాకా దారి తెలీదే!"

"నువ్వు పోనీ. కృష్ణ ఒడ్డు రాగానే నే చెప్తా."

ఈల మోగింది. చేట తిరిగింది. కరీమున్ అత్త మొహంలోకి చూడలేక దూదిలోకి తల వంచుకుంది.

మేడిరేవు సాగర్ డ్యాము నీళ్ళ కింద మునిగిపోయి అప్పటికి రెండేళ్ళయింది.