బానెట్ కింద స్టిక్కర్

“షటర్ దించెయ్, వదినా. ఇంకా ఏం చూసుకుని కూర్చుంటావు?” అంటూ మరిది తానే సగం దాకా దించాడు.

“దించను.”

“మొండితనానికీ ఓ హద్దుండాలి.”

“ఉంది. సాయంత్రం ఆరింటి దాకా. ఆలోగా దారి దొరక్కపోతే నేనే దించి తాళం నీ చేతిలో పెడతా. అంతవరకూ ఆ స్టూలు మీద కూర్చుంటే కూర్చో, లేదంటే పో.”

కూర్చున్నాడు. తాళం తీసుకునే వెళ్దామనుకున్నాడు కాబోలు.

వీధిలో అందరూ ఆవిడను కరెంటక్క అంటారు. మొదట్లో వెటకారంగానే అన్నారు. ఆటో ఎలక్ట్రీషియన్ అయిన భర్త పోయాక, ఆయన పనిముట్ల పెట్టె పట్టుకుని ఆవిడ బయల్దేరితే, పక్క షెడ్ల వాళ్ళు పనులు మానుకుని మరీ నవ్వారు. బండి ఎక్కడ ఆగితే అక్కడికే వెళ్ళి బాగుచేయడం ఆ దుకాణం పద్ధతి. తన చెయ్యి పడిన ప్రతి బండికీ బానెట్ లోపల తన నంబరున్న స్టిక్కర్ అంటించడం ఆవిడ అలవాటు. రెండేళ్ళు ఎండనకా వాననకా తిరిగింది. నవ్విన వాళ్ళే ఇప్పుడు వైరింగు అంతుపట్టకపోతే ఆవిడకు ఫోన్ చేస్తున్నారు.

ఈరోజు మాత్రం పొద్దుటి నుంచి కుర్చీ వదల్లేదు. వచ్చిన రెండు పిలుపులకూ “ఇవాళ రాలేను” అని చెప్పేసింది. అది విన్నాకే మరిదికి అంత నోరు లేచింది. పైకి ఎంత గట్టిగా మాట్లాడినా ఆవిడ భయం ఆవిడకుంది. షటర్ దిగిందంటే మరిది ఇంట్లో ఓ మూల కూర్చుని, పెట్టింది తిని, పడుకోమన్నచోట పడుకోవాలి. చచ్చినా ఆ బతుకు బతకదలుచుకోలేదు.

పదకొండింటికి ఫోన్ మోగింది. కొత్త నంబరు.

“హలో, మెకానిక్కేనా? బానెట్ లోపల స్టిక్కర్ మీద ఈ నంబరుంది. బండి సతాయిస్తోందక్కా. అర్జెంటు.”

“ఏం బండి?”

“పాత పికప్. పెట్రోలుది. స్లోలో నిలబడట్లేదు. రేస్ మీంచి కాలు తీస్తే చాలు, ఆగిపోతోంది.”

ఆవిడ కుర్చీలో ముందుకు జరిగింది.

“లైట్లు వేసి చూడు. రేస్ ఇస్తే వెలుగు పెరుగుతోందా?”

“పెరుగుతోంది. వదిలేస్తే గుడ్డిగా అయిపోయి, ఇంజను కూడా ఆగిపోతోంది.”

“గేరు రాడ్డుకి పిడి ఏముంది?”

“పిడా? ప్రెషర్ కుక్కర్ పిడిలా ఉంది. ఎందుకు?”

“అయితే నా చెయ్యి పడిన బండే. ఎవరిది?”

అవతల మనిషి ఒక్క క్షణం తడుముకున్నాడు. “మా మావయ్యది.”

“అలాగా. మీ మావయ్య పనిమంతుడే. ఎక్కడున్నావు?”

“ఎక్కడైతే ఏంటక్కా? ఫోన్లో చెప్పు, చేసేస్తా.”

“చోటు తెలీకుండా వైద్యం ఎలా చెప్పను? ఎత్తు మీదున్నావో పల్లంలో ఉన్నావో తెలియాలి కదా.”

“సిమెంటు గోడౌన్ వెనక సందు. రైలు గేటు దగ్గర. నేల సమంగానే ఉంది.”

“సందులో ఎందుకు పెట్టావు?”

“నీడ కోసం.”

మరిది ఏదో అడగబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపి, ఫ్యూజుల అట్టపెట్టె మూత చింపి, దాని మీద రెండు ముక్కలు రాసి అతని ముందుకు తోసింది. చదివి, చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటికి పరుగెత్తాడు. ఆవిడ అత్తారింట్లో కాలుపెట్టిన నాటి నుంచి ఎదురు చెప్పకుండా అతను చేసిన మొదటి పని అదే.

“అక్కా, ఉన్నావా?”

“ఉన్నా నాయనా, ఎక్కడికి పోతాను? విను. జబ్బు ఇంజనుది కాదు, కరెంటుది. ఎర్తు తీగ తుప్పు పట్టి ఉంటుంది. స్లోలో పెట్రోలు అందించే చిన్న వాల్వు ఒకటి కరెంటుతో పనిచేస్తుంది. కరెంటు చాలకపోతే అది మూసుకుపోతుంది. బ్యాటరీ తీగలు రెండూ విప్పి, మొనలు రాయితో తెల్లగా గీకు.”

అందులో అక్షరం అబద్ధం లేదు. ఏ బండినైనా చెడగొట్టే వైద్యం చెప్పడానికి ఆవిడకు నోరు రాదు.

గీకుడు వినిపిస్తోంది. ఆవిడ గోడ గడియారం వంక చూసింది.

“అయిందక్కా. బిగించేయనా?”

“అంత తొందరున్నవాడివి పాత బండి జోలికి రాకుండా ఉండాల్సింది. ఇంజను పక్కన లావుపాటి తీగలు దిగే గుండ్రటి మూత ఉంది చూడు. దాన్ని తియ్యి. లోపల వేలెడంత ముక్క ఉంటుంది. పైకి లాగు. వచ్చిందా?”

“వచ్చింది.”

“తుడిచి జేబులో పెట్టుకో. ఒంటి వేడికి చెమ్మ ఆరాలి. పది నిమిషాలు.”

ఈ వైద్యం మాత్రం ఏ మెకానిక్కూ ఎక్కడా చేసి ఉండడు.

“జేబులోనా?”

“చెప్పేది నేనా, నువ్వా?”

“కోప్పడకక్కా. నువ్వే వచ్చి చూస్తే బాగుండేది.”

“రావాలనే ఉంది నాయనా. ఎలా రాను?”

ఏడెనిమిది నిమిషాలు గడిచాయి. ఉన్నట్టుండి అతని గొంతు మారిపోయింది.

“అక్కా, సందు మొదట్లో పోలీసు జీపు! తీగలు తగిలించేశా. సెల్ఫ్ తిరుగుతోంది కానీ ఇంజను అంటుకోవట్లేదు!”

“ఆ ముక్క నీ జేబులో ఉంటే అంటుకోదు,” అంది కరెంటక్క, లేచి షటర్ని నెత్తి మీదిదాకా ఎత్తేస్తూ, “పొద్దున నేను లేచేసరికి మా వాకిట్లోంచి మాయమైన నా బండి, నా మాట కాదని నీ మాట వింటుందా?”