బంతి మీద ‘ప్రేమతో’

“వచ్చేసిందే! పాసు వచ్చేసింది!”

సూర్యతేజ మందుల షాపు మూసీ మూయకుండానే ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. చేతిలో సెల్‌ఫోను. ప్రవల్లిక పిండి చేతులతోనే వంటింట్లోంచి బయటికొచ్చింది.

“ఏదండీ, నన్ను సూడనివ్వండి!”

అతను ఫోను తల మీదకి ఎత్తి పట్టుకున్నాడు. ఆమె ఎగిరింది. అందలేదు. ఇంకోసారి ఎగిరింది.

“పెళ్ళయి పదమూడు రోజులైంది. నా భుజం దాకానైనా ఎదగలేదేటే నువ్వు?” అని వెక్కిరించాడు.

శారద టైగర్స్ క్రికెట్ జట్టు విశాఖ స్టేడియంలో అభిమానుల పండగ పెడుతోంది. ఆటగాళ్ళందరూ వస్తారు. అడిగినవాళ్ళకి సంతకాలు చేస్తారు. అందులో ఓపెనర్ గౌరీశంకర్ రోలుగుంట కుర్రాడు. అతను కొట్టిన ప్రతి సిక్సరూ ప్రవల్లికకి గుర్తే. పెళ్ళిచూపుల్లో “మీకేం ఇష్టం?” అని సూర్యతేజ అడిగితే, వంటనో పాటలనో చెప్పకుండా “గౌరీశంకర్ కవర్ డ్రైవ్” అని చెప్పిన పిల్ల.

“ఎప్పుడండీ?”

“శుక్రవారం.”

ఆమె మొహం వాడిపోయింది. శనివారం పదహారు రోజుల పండగ. అదయ్యేదాకా కొత్తకోడలు ఊరి పొలిమేర దాటకూడదని అత్తగారు దేముడమ్మ మొదటిరోజే చెప్పేసింది.

“నా కోడలి కోసం ఒక్కరోజు ఆగలేకపోయేడేటి ఆ గుంటడు?” అంది దేముడమ్మ.

“నేనెల్లి తెస్తాను కదా!” అన్నాడు సూర్యతేజ. “ఒట్టి సేతుల్తో వస్తే నన్ను గుమ్మం ఎక్కనివ్వకు.”

శుక్రవారం దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చాడు. జేబులోంచి తెల్లటి బంతి తీశాడు. దాని మీద నీలం రంగు అక్షరాలు. ‘ప్రవల్లికకి ప్రేమతో, గౌరీశంకర్.’ చివరి అక్షరానికి వంకాయ తొడిమలాంటి తోక.

ప్రవల్లిక బంతిని బుగ్గకి ఆనించుకుంది. మళ్ళీ చూసుకుంది. మళ్ళీ ఆనించుకుంది.

“జనం ఉన్నారాండీ?”

“ఇసకేస్తే రాలదు. నాలుగ్గంటలు లైన్లో నిలబడ్డాను.”

“ఎలాగున్నాడు? టీవీలో కన్నా పొడుగా?”

“పొడుగే. నాకన్నా కొంచెం తక్కువ.”

“ఫొటో ఏదీ?”

“ఫోన్లు గేటుకాడే తీసేసుకున్నారు.”

దేముడమ్మ కళ్ళజోడు సవరించుకుని బంతి మీది రాత చదివింది. “ఆడెవుడ్రా, నా కోడలికి ప్రేమతో అని రాయడానికి?”

సూర్యతేజ చెవులు ఎర్రబడ్డాయి. “అందరికీ అలాగే రాస్తన్నాడమ్మా.”

శనివారం పొద్దున్నుంచే ఇల్లు ముత్తైదువలతో నిండిపోయింది. పూజ ముగిసేసరికి పదకొండైంది. బంతిని ఒక్కసారి చూసుకుందామని ప్రవల్లిక గదిలోకి వచ్చింది. కిటికీలో పెట్టిన బంతి లేదు.

దేవుడి మందిరంలో ఉంది. నిండా పసుపు. మూడు కుంకుమ బొట్లు.

“కొత్త వస్తువు ఇంట్లోకొస్తే పసుపు రాసి బొట్టెట్టకపోతే ఎలాగే?” అంది దేముడమ్మ. “మిక్సీకెట్టేం, ఫ్రిజ్జికెట్టేం. దీన్నెందుకు ఒగ్గీయాలి? సుబ్బరంగా కడిగి మరీ ఎట్టేను.”

కడిగినప్పుడు సగం సంతకం పోయింది. మిగిలిన నీలం పసుపులో కలిసి బంతి పచ్చి మామిడికాయలా తయారైంది.

చుట్టూ చుట్టాలు. ఏడవడానికి లేదు. ప్రవల్లిక నవ్వుతూ నిలబడింది. నాలుగ్గంటల లైను ఆమె కళ్ళ ముందు కదిలింది. ఎండలో నిలబడి తెచ్చిన మనిషికి ఈ సంగతి ఏ నోటితో చెప్పడం?

అందరూ భోజనాల హడావిడిలో ఉండగా పెరట్లోకి వెళ్ళి నిమ్మచెక్కతో బంతి రుద్దింది. గది గడియ వేసింది. పాత క్యాలెండర్ కాగితం వెనక ఏడుసార్లు రాసింది. ఎనిమిదోసారికి తోక కుదిరింది. బంతి మీద మొదలుపెట్టింది. ‘ప్రేమతో’ దగ్గర చెయ్యి ఆగిపోయింది. పరాయి మగాడి ప్రేమని తన చేత్తో తనకే రాసుకోవాల్సిన గతి ఏ కొత్త పెళ్ళికూతురికీ పట్టకూడదనుకుంది. కళ్ళు సగం మూసుకుని రాసేసింది.

సాయంత్రానికి చుట్టాలు వెళ్ళిపోయారు. సూర్యతేజ మంచం మీద కూచుని బంతి చేతిలోకి తీసుకున్నాడు. తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. ప్రవల్లిక దుప్పట్లు మడతపెడుతున్నట్టు నటించింది. ఒకే దుప్పటిని మూడుసార్లు మడతపెట్టింది.

“తోక ఇటు తిరిగిందేటి?”

“మరెటు తిరగాలండీ?”

“అటు.”

“ఎండలో నిలబడి అలిసిపోయేరు. మీకేటి గుర్తుంటాది?”

“నాకు గుర్తులేకపోవడమేటి?” అనేసి, సూర్యతేజ నాలిక్కరుచుకుని బంతిని గబగబా పక్కన పెట్టేశాడు.

ప్రవల్లిక ఇక ఆగలేకపోయింది. పసుపు, నిమ్మచెక్క, క్యాలెండర్ కాగితం, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. “మీ నాలుగ్గంటలూ పసుపునీళ్ళ పాలయిపోయేయండీ. ఇది ఆయన సంతకం కాదు. నేను రాసేను.”

సూర్యతేజ ఆమెకేసి చూశాడు. బంతికేసి చూశాడు. ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టాడు. మంచం కోడు పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

“నేనింత బాధపడిపోతంటే నవ్వుతారేటండీ?”

అతను కళ్ళు తుడుచుకుని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

“రేపు ఆరింటి బస్సుకి ఇద్దరం ఎల్దాం,” అన్నాడు, “స్టేడియం గేటుకాడ వాచ్‌మేన్ సెప్పేడు, అభిమానుల పండగ నిన్న కాదంట, రేపంట.”