కార్డు లేని బోర్డు

మందుల గోదాములోని శీతల గదిలో టెక్నీషియన్ ఒక్కడే ఉన్నాడు. చలి తగ్గితే కబురు పంపేందుకని, బావమరిది సిద్ధం చేసి ఇచ్చిన అరచేతిలో పట్టేంత కంప్యూటర్ బోర్డును గోడకు బిగించి కరెంటు ఇచ్చాడు. పచ్చ లైటు మినుకుమంది. హమ్మయ్య అనుకునేలోపే ఫోన్ మోగింది.

"బావా, తిట్టకు. మెమరీ కార్డు అందులో పెట్టడం మర్చిపోయా. నా జేబులోనే ఉండిపోయింది."

"నీ మతిమరుపు తగలెయ్య! మరి ఇక్కడ పచ్చ లైటు ఎలా కొట్టుకుంటోందిరా?"

"కార్డు చదివేటప్పుడేగా బావా అది వెలిగేది?"

అంతలో సిగ్నల్ పోయింది.

టెక్నీషియన్ వంగి చూశాడు. కార్డు పెట్టే చోటు నిజంగానే ఖాళీగా ఉంది. లైటు మాత్రం తీరిగ్గా వెలిగి ఆరుతోంది. తన నోట్లోంచి తెల్లటి ఆవిరి వెళ్లి బోర్డును తాకినప్పుడల్లా వెలుగుతోందని కాసేపటికి గాని తట్టలేదు. నోరూ ముక్కూ చేత్తో మూసుకుని ఊపిరి బిగబట్టాడు.

లైటు ఆరిపోయింది. గదిలో ఫ్యాన్ల హోరు తప్ప మరో చప్పుడు లేదు.

అతనింకా ఊపిరి వదల్లేదు. భుజం మీదుగా, వెనక నుంచి, తెల్లటి ఆవిరి మెల్లగా వచ్చి బోర్డును తాకింది.

పచ్చ లైటు వెలిగింది.