ఇంటికొక ముక్క

ఊచకోత జరిగిన రోజు వచ్చిందంటే పేటలో ప్రతి ఇంటి గోడా వెలుగుతుంది. ఆనాటి దృశ్యాలను ముక్కలు చేసి ఇంటికొకటి పంచారు. ఇంట్లో ఒకరు ఎదురుగా నిలబడి చివరిదాకా చూస్తేనే ఆ ముక్క నిలుస్తుంది, మధ్యలో ఆపితే శాశ్వతంగా చెరిగిపోతుంది. సలోమి ఇంటికి ఒక తల్లి చావు వచ్చింది.

అన్నం వార్చి, మూడేళ్ళ జెస్సీని చంకనెత్తుకుని వచ్చి, ఆమె గోడను ఆపే మీట మీద వేలు పెట్టింది.

“ఆపేస్తాను పిన్నీ. పిల్ల జడుసుకుంటాది. లేదంటే కాసేపు దీన్ని మీ ఇంట్లో ఉంచుకోరాదా?”

“మా గోడ మీద నరికేది పసోణ్ణే,” అంది పక్కింటి మార్తమ్మ గడపలోంచి. “ఆపెయ్యవే. నరికినోళ్ళకీ కావాల్సింది అదే.” ఆమె తన గోడకు వేళయిందని వెళ్ళిపోయింది.

గోడ వెలిగింది. పిల్లాణ్ణి చంకనేసుకుని ఒకామె చేలో పరుగెడుతోంది. వెనకనుంచి గొడ్డలి దిగింది. భుజం చీలి నెత్తురు చిమ్మింది. ఆమె మోకాళ్ళ మీద కూలింది. ఇంకొకడు బరిసె ఎత్తాడు. తెగిన చెయ్యి వేలాడుతుంటే, రెండో చేత్తో ఆమె బిడ్డ కళ్ళు మూసింది.

“అమ్మా, ఆ అమ్మకేమయ్యింది?” అంది జెస్సీ.

సలోమి మీట వదిలేసి, ఆ చేత్తోనే కూతురి కళ్ళు మూసింది. బరిసె దిగింది. అరచేతి కింద పిల్ల రెప్పలు కొట్టుకుంటుంటే, తను మాత్రం చివరిదాకా చూసింది.